గోలి ఏసుకున్నట్టా, ఏసుకోనట్టా? పార్కిన్సన్స్ ఉన్నవారి మాటను కాపాడుకునే సాధన

మా బాపు ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. హన్మకొండ నుంచి ఉప్పల్ పోయే బస్సు ఎంత కిక్కిరిసి ఉన్నా ఆయన గొంతు వెనక సీటు దాకా వినిపించేది. పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వచ్చిన నాలుగో ఏడు, ఒక సాయంత్రం అమ్మ వంటింట్లో నుంచి "గోలి ఏసుకున్నవా?" అని అడిగింది. బాపు జవాబు చెప్పాడు. అమ్మకు "గోలి ఏసు" అన్నంత వరకే వినిపించింది. ఏసుకోలే అన్నాడనుకుని ఇంకో గోలి తెచ్చి ఇచ్చింది. ఆయన అది బీపీ గోలి అనుకుని మింగేశాడు. రాత్రి లేచి నిలబడేసరికి కళ్లు తిరిగి మంచం మీద కూలబడ్డాడు. డాక్టరుకు ఫోన్ చేసి, బీపీ చూసుకుంటూ తెల్లవార్లూ కూర్చున్నాం.

ఆ రాత్రే నాకొక సంగతి అర్థమైంది. మన తెలుగులో అవునో కాదో వాక్యం చివర్లో తేలుతుంది. ఏసుకున్న, ఏసుకోలే. వచ్చిండు, వచ్చిండా, రాలే. పోత, పోను. వీటిలో తేడా అంతా ఆఖరి ఒకటి రెండు అక్షరాల్లోనే ఉంది. పార్కిన్సన్స్ ఉన్నవారి గొంతు సన్నగిల్లేదీ అక్కడే. మొదలు బాగానే ఎత్తుకుంటారు, చివరికి వచ్చేసరికి ఊపిరి చాలక మాట గాలిలో కలిసిపోతుంది. అందుకే మన ఇళ్లలో చేసే సాధన వాక్యం చివరను నిలబెట్టేలా ఉండాలి. మేము థెరపిస్టు దగ్గర నేర్చుకున్నది, ఇంట్లో చేస్తున్నది వరుసగా రాస్తున్నాను.

గొంతుకు ఏమవుతుంది

ఈ జబ్బును 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించాడు. మెదడులో డోపమిన్ అనే రసాయనం తగ్గడం వల్ల శరీరం చేసే ప్రతి కదలికా చిన్నదైపోతుంది. అడుగు చిన్నదవుతుంది, చేతిరాత చిన్నదవుతుంది. మాట కూడా కదలికే కాబట్టి అదీ చిన్నదవుతుంది. ఛాతీ తక్కువ గాలి తీసుకుంటుంది, స్వరతంత్రులు పూర్తిగా దగ్గరికి రావు, పెదవులు, నాలుక సగం దూరమే కదులుతాయి. గొంతు సన్నగిల్లుతుంది, ఎత్తుపల్లాలు పోయి ఒకే తీరుగా సాగుతుంది, కొందరికి మాటలు ఒకదాని మీద ఒకటి పడి పరుగెత్తుతాయి. పదిమందిలో దాదాపు తొమ్మిదిమందికి ఎప్పుడో ఒకప్పుడు మాటలోనో గొంతులోనో మార్పు వస్తుంది.

ఇందులో అందరూ పొరబడే విషయం ఒకటుంది. గొంతు తగ్గిందని ఆ మనిషికి తెలియదు. తను మామూలుగానే మాట్లాడుతున్నానని మెదడు చెబుతుంది. మా ఇంట్లో ఆరు నెలలు ఇదే గొడవ. "నీకు చెవులు ఇనవడ్తలేవు, డాక్టరుకు చూపెట్టుకో" అని బాపు అమ్మను కసురుకునేవాడు. అమ్మ నిజంగానే చెవి పరీక్ష చేయించుకుంది, చెవులు బాగానే ఉన్నాయి. ఇద్దరిలో ఎవరి తప్పూ లేదు. మామూలు గొంతుతో మాట్లాడమంటే ఆయనకు అరిచినట్టు అనిపిస్తుంది. థెరపీలో సగం పని ఆ కొలతను మళ్లీ సరిచేయడమే.

మందులతో చేతుల, కాళ్ల బిగువు తగ్గినంతగా మాట బాగుపడదు. మెదడులో తీగలు అమర్చే డీబీఎస్ ఆపరేషన్ తర్వాత కొందరికి మాట ఇంకా మసకబారుతుంది కూడా. అందుకే మందులు వాడుతున్నాం కదా అని ఊరుకోకూడదు.

మొదటి అడుగు: సరైన మనిషిని వెతకడం

ముందు న్యూరాలజిస్టుకు చెప్పండి. వరంగల్‌లోనైతే ఎంజీఎంలో గానీ ప్రైవేటులో గానీ, హైదరాబాద్ వెళ్లేవాళ్లయితే నిమ్స్‌లో గానీ చూపించుకునేటప్పుడు చాలామంది వణుకు గురించే చెప్పి లేచి వచ్చేస్తారు. మాట, మింగడం గురించి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. గొంతు బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు ఒకసారి కెమెరాతో స్వరతంత్రులను చూడాలి, ఎందుకంటే బొంగురుకు వేరే కారణమూ ఉండొచ్చు. మాట ఉన్నట్టుండి ముద్దైపోయి, మూతి ఒక పక్కకు పోతే అది పార్కిన్సన్స్ కాదు, పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

తర్వాత స్పీచ్ థెరపిస్టు. వారికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. నంబరు అడగడానికి మొహమాటపడకండి. హన్మకొండలో మేము చూసిన సెంటర్లు ఎక్కువగా మాట ఆలస్యమైన చిన్నపిల్లల కోసం నడుస్తున్నవే. కాబట్టి ఫోన్‌లోనే రెండు ప్రశ్నలు అడగండి: పార్కిన్సన్స్ ఉన్న పెద్దవాళ్లకు థెరపీ చేశారా? ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ పద్ధతిలో శిక్షణ ఉందా? లేదంటే తెలిసినవారి పేరు చెప్పమనండి.

ఎల్‌ఎస్‌వీటీ లౌడ్ అనేది అమెరికాలో లొరైన్ రామిగ్ బృందం 1980లలో రూపొందించిన పద్ధతి. లీ సిల్వర్‌మన్ అనే పార్కిన్సన్స్ రోగి పేరు దానికి పెట్టారు. వారానికి 4 రోజులు, రోజుకు గంట, 4 వారాలు, మొత్తం 16 సెషన్లు. లక్ష్యం ఒక్కటే, గట్టిగా మాట్లాడటం. గొంతు పెంచితే నోరు పెద్దగా తెరుచుకుంటుంది, ఊపిరి లోతుగా వస్తుంది, అక్షరాలూ స్పష్టమవుతాయి. ఒక్క తాడు లాగితే నాలుగు పనులు అవుతాయన్నమాట. బ్రిటన్‌లో 388 మంది మీద చేసి 2024లో ప్రచురించిన పరీక్షలో, మాట వల్ల రోజువారీ బతుకులో పడే ఇబ్బంది ఈ పద్ధతితో తగ్గింది, అక్కడి మామూలు స్పీచ్ థెరపీతో అంత ఫలితం కనిపించలేదు. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వారానికి నాలుగుసార్లు రావడం అయ్యే పని కాదు. అలాంటివారికి వీడియో కాల్‌లో చేయించినా ముఖాముఖిగా చేసినంత ఫలితం వచ్చిందని పరిశోధనల్లో తేలింది. ఫోన్ పట్టుకునే మనిషి, సిగ్నల్ ఉన్న గది ఉంటే చాలు.

కింద రాసిన సాధన థెరపిస్టుకు బదులు కాదు. ఒక్కసారైనా వాళ్లు చూసి, ఎంత గట్టిగా చేయాలో నిర్ణయించాక ఇంట్లో మొదలుపెట్టండి. హెర్నియా, ఈమధ్యే అయిన ఆపరేషన్, అదుపులో లేని బీపీ ఉంటే ముందే చెప్పండి.

రెండో అడుగు: ఇవాళ్టి గొంతును దాచిపెట్టడం

సాధన మొదలుపెట్టే ముందు ఫోన్‌లో మూడు రికార్డింగులు చేయండి. ఒకటి, ఊపిరి నిండా తీసుకుని "ఆ" అని ఎంతసేపు అనగలిగితే అంతసేపు. రెండు, పేపర్లో నుంచి ఒక పేరా. మూడు, తనకు ఇష్టమైన విషయం మీద రెండు నిమిషాల ముచ్చట. తేదీ చెప్పి రికార్డు చేస్తే తర్వాత వెతుక్కునే బాధ ఉండదు.

శబ్దం కొలిచే యాప్ ఫోన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. నోటికి 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే పిల్లల స్కూలు స్కేలంత దూరంలో ఫోన్ నిలబెట్టండి. ఫోన్ చూపించే డెసిబెల్స్ కచ్చితం కాదు కాబట్టి వేరేవాళ్ల అంకెతో పోల్చుకోవద్దు. అదే ఫోన్, అదే కుర్చీ, అదే దూరంలో మొన్నటి మీ అంకెతో ఇవాళ్టిది పోల్చుకోండి.

బాపు తన రికార్డింగు తాను విన్నప్పుడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "గిట్లున్నదా నా గొంతు?" అన్నాడు. అమ్మను కసురుకోవడం ఆ రోజుతో ఆగిపోయింది.

మూడో అడుగు: వేళ, కూర్చునే తీరు

గోలి పనిచేస్తున్న వేళలోనే సాధన చేయాలి. చాలామందికి గోలి వేసుకున్న ముప్పావు గంట, గంట తర్వాత ఒళ్లు తేలికపడుతుంది. ఆ వేళను పట్టుకోండి. ఒళ్లు బిగుసుకుపోయి ఉన్నప్పుడు చేయిస్తే ఏమీ రాదు, పైగా మనసు విరిగిపోతుంది. మేము పొద్దున్నే, టిఫిన్‌కు ముందు చేస్తాం.

చేతులున్న కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా, వెన్ను నిటారుగా కూర్చోబెట్టండి. నులక మంచం మీద వద్దు, నడుము కుంగిపోయి ఊపిరి అందదు. పక్కన గ్లాసు నీళ్లు పెట్టండి. టీవీ ఆపండి.

నాలుగో అడుగు: రోజూ చేసే సాధన

మొదటిది "ఆ". కడుపు ఉబ్బేలా గాలి తీసుకుని, నోరు బాగా తెరిచి, గట్టిగా, ఒకే మోతాదులో, నిలకడగా పలకాలి. గట్టిగా అంటే గొంతు నరాలు తేలేలా అరవడం కాదు. దూరంగా ఉన్న మనిషిని ప్రేమగా పిలిచే గొంతు కావాలి. మెడ బిగుసుకున్నా, గొంతు గరగరలాడినా ఆపి, నీళ్లు తాగి, ఊపిరి నుంచి మళ్లీ మొదలుపెట్టండి. థెరపీ సెషన్లో ఇది 15 సార్లు చేయిస్తారు. ఇంట్లో 6తో మొదలుపెట్టినా ఫరవాలేదు.

రెండోది స్వరం ఎక్కించడం, దించడం. అదే "ఆ"ను కింద నుంచి వీలైనంత పైకి తీసుకెళ్లి ఆపాలి, తర్వాత పై నుంచి కిందికి దించాలి. ఒకే తీరుగా సాగే గొంతులో ఎత్తుపల్లాలు దీనితోనే తిరిగి వస్తాయి. మా పెద్దమ్మకు కూడా ఇదే జబ్బు. ఆమెకు ఈ కసరత్తు ఎంత చెప్పినా ఎక్కలేదు. కానీ బతుకమ్మ ఆడేటప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు కదా, అలా అందుకోమంటే గొంతు దానంతటదే పైకి లేచింది. పాట పాడే దారి, మాట్లాడే దారి మెదడులో పూర్తిగా ఒకటి కావు. అయితే పాటలో వచ్చిన గొంతు మాటలోకి దానంతటదే రాదు. పాట అయిన వెంటనే, ఆ ఊపు తగ్గకముందే, రెండు మూడు మామూలు వాక్యాలు చెప్పించాలి.

మూడోది రోజూ వాడే 10 వాక్యాలు, ఒక్కోటి 5 సార్లు. థెరపిస్టు అచ్చేసిన కాగితం మీద పరాయి వాక్యాలు ఉంటే పక్కన పెట్టి, మీ ఇంటివి రాసుకోండి. మా బాపువి కొన్ని: "చాయ్‌ల చక్కెర తక్కువెయ్యి." "గోలి ఏసుకున్న." "గోలి ఏసుకోలే." "నాకు అర్థం కాలే, మళ్ల చెప్పు." "బాత్రూంకు పోవాలె." "బిడ్డా, ఎప్పుడొస్తవ్?" వీటికి తోడు ఆయన సొంతంగా ఒకటి కలుపుకున్నాడు. భువనగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్, మడికొండ, కాజీపేట, హన్మకొండ. బస్సులో నిలబడి పిలిచినట్టే ఒక్కో స్టాపు పిలుస్తాడు. ఏళ్ల తరబడి గట్టిగా పలికిన మాటలు కాబట్టి ఆ గొంతు తొందరగా వచ్చింది. మీ ఇంట్లో మనిషి టీచరైతే హాజరు పట్టీ, వ్యాపారైతే ఎనుమాముల మార్కెట్లో పత్తి వేలం పాడిన తీరు, పూజలు చేసేవారైతే మంత్రం. గట్టిగా పలికిన జీవితం ప్రతి మనిషికీ ఎక్కడో ఉంటుంది. దాన్ని వెతకండి.

నాలుగోది మెట్లు ఎక్కడం. మొదటి వారం మాటలు, చిన్న పదబంధాలు. రెండో వారం వాక్యాలు. మూడో వారం పేపరు చదవడం. నాలుగో వారం ముచ్చట. ప్రతి మెట్టులోనూ "ఆ"లో వచ్చిన గొంతే ఉండాలి. ఇంట్లో సాధన, థెరపీ సెషన్ ఉన్న రోజు 10 నిమిషాలు ఒకసారి, లేని రోజు 15 నిమిషాలు రెండుసార్లు. ఆ తర్వాత రోజు గడవకముందే సాధనను నిజం మాటలోకి తేవాలి. పాలబ్బాయిని గట్టిగా పలకరించడం, కిరాణా కొట్టులో తనే అడగడం, మనవరాలికి ఫోన్ చేయడం. రోజుకు ఒక్కటైనా సరే.

ఐదో అడుగు: వాక్యం చివర

ఇది ఏ కరపత్రంలోనూ నాకు కనిపించలేదు. థెరపిస్టుతో మాట్లాడి మేము మా ఇంటికి తగినట్టు తయారుచేసుకున్నాం.

జంట వాక్యాలు రాసుకోండి. తిన్న, తినలే. నొప్పి ఉన్నది, నొప్పి లేదు. వచ్చిండు, వచ్చిండా? పోదాం, పోవద్దు. ఒకరు గదికి అవతల, వీపు తిప్పి కూర్చోవాలి. బాపు జంటలో ఏదో ఒకటి చెబుతాడు. విన్నవాళ్లు తమకు వినిపించింది తిరిగి చెబుతారు. తప్పు విన్నామంటే చివరి మాట నిలబడలేదన్నమాట. ముఖం కనిపించకూడదు, ఎందుకంటే ముఖం చూస్తే మనం ఊహించేస్తాం. మొదటి వారం పదికి నాలుగు తప్పు విన్నాం.

రెండో చిట్కా ఊపిరి. వాక్యం పొడవుగా ఉంటే మధ్యలో ఊపిరి తీసుకుని క్రియను కొత్త ఊపిరితో పలకాలి. "రేపు పొద్దుగాల డాక్టరు దగ్గరికి" అని ఆగి, గాలి తీసుకుని, "పోవాలె." కాగితం మీద ఆగాల్సిన చోట నిలువు గీత పెట్టి, చివరి మాట కింద ఎర్ర పెన్నుతో గీయండి. ఇది కుదరని రోజున వరుస తిప్పేయమనండి: "పోవాలె, రేపు, డాక్టరు దగ్గరికి." మన మాట్లాడే భాషలో ఇది ఎబ్బెట్టుగా ఉండదు, ముఖ్యమైన సంగతి బలమైన గొంతులో ముందే వచ్చేస్తుంది.

ఒత్తు అక్షరాలూ చూసుకోవాలి. నాలుక, పెదవులు పూర్తిగా తగలకపోతే గడ్డి గడిలా, అట్టు అటులా వినిపిస్తాయి. అప్పడం, బొబ్బట్టు, చిక్కుడు, గొడ్డలి, ముత్తవ్వ వంటి మాటలను ఒత్తు దగ్గర ఒక క్షణం నొక్కి పట్టి వదలమనండి.

మాట పరుగెత్తేవారికి గట్టిగా మాట్లాడమన్నా ఒక్కోసారి వేగం తగ్గదు. వారు ఒక్కో మాటకు తొడ మీద ఒక్కో వేలు నొక్కుతూ మాట్లాడితే పగ్గం వేసినట్టుంటుంది.

కొందరికి గొంతుతో పాటు మాట దొరకడమూ కష్టమవుతుంది. ముఖ్యంగా క్రియలు నాలుక చివర ఆగిపోతాయి. పొడుగు వాక్యం విని అర్థం చేసుకోవడానికీ సమయం పడుతుంది. అది మతిమరుపని తొందరపడి అనుకోవద్దు. పని చేస్తూ ఆ పని పేరు పైకి చెప్పించండి: చిక్కుడు కాయ తుంచుతున్న, ఈనె తీస్తున్న, గిన్నెల ఏస్తున్న. అయితే నడుస్తూ మాట్లాడించకండి. రెండు పనులు ఒకేసారి చేస్తే మాటైనా తగ్గుతుంది, అడుగైనా తడబడుతుంది. నిలబడి మాట్లాడి, తర్వాత నడవాలి.

ఇంట్లోవాళ్లు చేయాల్సినవి

వంటింట్లో నుంచి ప్రశ్న వేయడం మానండి. మా గోలి తప్పు అక్కడే జరిగింది. దగ్గరికి వెళ్లి, కూర్చుని, ముఖం చూస్తూ అడగండి. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి, మాటను మీరు పూర్తి చేయకండి. అర్థం కాకపోతే తలూపేసి తప్పించుకోవద్దు. అది వాళ్లకు తెలిసిపోతుంది, చాలా బాధ పెడుతుంది. విన్నంత వరకు తిరిగి చెప్పి, మిగిలింది అడగండి.

రోజంతా "గట్టిగ మాట్లాడు" అంటే విసుగొస్తుంది. ఇద్దరూ కలిసి ఒక సైగ పెట్టుకోండి. మేము అరచేయి కొంచెం పైకెత్తుతాం, అంతే. ముఖంలో కండరాలు బిగుసుకుపోవడం వల్ల నవ్వు కనిపించదు. చుట్టాలు వస్తే "కోపమా?" అని అడుగుతారు. ముందే చెప్పి ఉంచండి. పెళ్లిళ్లలో, మైకుసెట్టు మోగే చోట పక్కన ఒకరు కూర్చోవాలి.

మింగడం

మాటకు వాడే కండరాలే మింగడానికీ వాడతాం, అందుకే దీన్ని చూసేదీ స్పీచ్ థెరపిస్టే. నీళ్లు తాగుతుంటే పొలమారడం, తిన్నాక గొంతు తడిగా గరగరమనడం, అన్నానికి గంట పట్టడం, బరువు తగ్గడం, ఊరికే ఛాతీలో కఫం చేరి జ్వరం రావడం, ఇవేవి కనిపించినా ఆలస్యం చేయొద్దు. కొందరికి ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయినా దగ్గు రాదు, అది మరీ ప్రమాదం. బేరియం కలిపిన ముద్ద మింగించి ఎక్స్‌రే వీడియో తీస్తే, లేదా ముక్కులో నుంచి సన్నని కెమెరాతో చూస్తే తెలుస్తుంది.

తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి, తిన్నాక అరగంట పడుకోకూడదు. చిన్న ముద్ద, ఒకటి మింగాకే ఇంకోటి, ఆ మధ్యలో ముచ్చట వద్దు. పచ్చిపులుసు అన్నం మనకు తేలికగా అనిపిస్తుంది గానీ, పలుచని పులుసు, మెతుకు వేర్వేరు వేగాల్లో గొంతులోకి జారడం వల్ల అదే కష్టం. పప్పు కలిపి మెత్తగా పిసికిన అన్నం నయం. జొన్నరొట్టె పప్పులో నాననివ్వండి. సకినాలు, అటుకులు, మరమరాలు పొడిపొడిగా విరిగి గొంతులో చెదురుతాయి. నీళ్లు చిక్కగా చేయాలా, మింగేటప్పుడు గడ్డం దించాలా అనేది పరీక్ష తర్వాత థెరపిస్టే చెప్పాలి. అందరికీ ఒకే ఉపాయం పనిచేయదు.

చొంగ కారుతుంటే ఉమ్మి ఎక్కువ ఊరుతోందని కాదు, మింగడం తక్కువైందని. మాట్లాడే ముందు ఒకసారి మింగమని గుర్తుచేయండి. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా గోలిని అన్నానికి అరగంట ముందు వేసుకోమని సాధారణంగా చెబుతారు, పప్పు, గుడ్డు, పాలలోని ప్రొటీన్ కొందరిలో దాని పనిని తగ్గిస్తుంది. మీకు ఏ వేళ సరిపోతుందో డాక్టరుతో తేల్చుకోండి. దూలగొండి గింజల్లోనూ లెవోడోపా ఉంటుంది, ఎవరో చెప్పారని ఆ పొడిని గోలీతో కలిపి వాడితే మోతాదు మించిపోతుంది.

గొంతు చాలని రోజులకు

టూరిస్ట్ గైడ్లు, టీచర్లు నడుముకు కట్టుకునే చిన్న మైకు సెట్టు కొనండి. పదిమందిలో మాట్లాడాల్సి వస్తే ఎంతో ఆసరా. గొంతు బాగున్నప్పుడే మనవళ్ల పేర్లు, ఆశీర్వాదాలు, ఇంట్లో అందరికీ ఇష్టమైన మాటలు రికార్డు చేసి ఉంచండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్ కూడా ఉంది. కాబట్టి ప్రభుత్వ మెడికల్ బోర్డు ముందు పరీక్షకు వెళ్లి వైకల్య ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవచ్చు. బోర్డు ముందు మాట, మింగడం కష్టాలు కూడా చెప్పండి, నడక ఒక్కటే చూపించి రావద్దు.

నాలుగు వారాల థెరపీ అయ్యాక రోజుకు పది పదిహేను నిమిషాలు సాధన సాగాలి. ఆపేస్తే గొంతు మెల్లగా పాత చోటికి జారుతుంది. ఆరు నెలలకోసారి ఆ మూడు రికార్డింగులు మళ్లీ చేసి థెరపిస్టుకు వినిపించండి. జ్వరమో, పెళ్లో, మేడారం జాతరో వచ్చి వారం తప్పితే కంగారు పడకుండా "ఆ" దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

మా ఇంట్లో ఇప్పుడు గోలీలకు ఏడు రోజుల డబ్బా ఉంది. గోలి వేసుకోగానే బాపు ఆ గడి మూత తెరిచే ఉంచుతాడు, అమ్మ వైపు తిరిగి, ఊపిరి తీసుకుని, "ఏసుకున్న" అంటాడు. అమ్మ "ఏసుకున్నవ్" అని తిరిగి చెబుతుంది. ఆ తర్వాతే మూత పెడతారు.